ఊక బాయిలర్ పొగలోని సీఓ2ను పట్టి సోడా బైకార్బ్ చేయడం: లెక్క కుదురుతుందా?

కోవూరు_మిల్లు:
అందరికీ నమస్కారం. కోవూరు దగ్గర ఉప్పుడు బియ్యం మిల్లు. గంటకు 2 టన్నుల ఆవిరి ఇచ్చే ఊక బాయిలర్, గంటకు 600 కిలోల ఊక కాలుతుంది, రోజుకు 16 గంటలు నడుస్తుంది. ఎయిర్ ప్రీహీటర్ దాటాక పొగ వేడి 140 డిగ్రీలు. గ్యాస్ ఎనలైజర్ పెట్టి చూస్తే సీఓ2 (కార్బన్ డయాక్సైడ్) 11 శాతం, ఆక్సిజన్ 9 శాతం. బూడిద పట్టడానికి ఇప్పుడు సైక్లోన్ (పొగను సుడి తిప్పి బూడిద రాల్చే డబ్బా) ఒక్కటే ఉంది, బ్యాగ్ ఫిల్టర్ లేదు.

ఈ సీఓ2ను ఊరికే గాల్లోకి వదలకుండా అమ్మకానికి పనికొచ్చే సరుకుగా మార్చాలని ఆలోచన. మూడు దారులు కనిపిస్తున్నాయి. ఒకటి, మిల్లు వెనక ఉన్న 2 ఎకరాల్లో స్పైరులినా అనే నీటిపాచి పెంచడం. రెండు, సోడా యాష్ (సోడియం కార్బొనేట్) ద్రావణంలోకి పొగ పంపి సోడా బైకార్బ్ (సోడియం బైకార్బొనేట్, తినే సోడా) చేసి ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు వైపు రొయ్యల చెరువులకు ఇవ్వడం. మూడు, గుల్ల సున్నం తెచ్చి పొగతో కలిపి మెత్తటి కాల్షియం కార్బొనేట్ పొడి చేసి పెయింట్ల వాళ్లకు, పైపుల వాళ్లకు అమ్మడం. వీటిలో ఏది నిలబడుతుంది? సామాను ఏం కావాలి? ఎక్కడ దెబ్బ తింటాం? అంకెలతో చెప్పండి.

ఒంగోలు_కెమికల్:
ముందు మీ దగ్గర ఎంత సీఓ2 ఉందో తేల్చుకుందాం. ఊకలో కార్బన్ 36 నుంచి 40 శాతం. కిలో ఊక కాలితే సుమారు 1.35 కిలోల సీఓ2 వస్తుంది. 600 కిలోలకు గంటకు 810 కిలోలు, 16 గంటలకు 13 టన్నులు. పొగ మొత్తం గంటకు 3,700 ఘనపు మీటర్ల దాకా ఉంటుంది. మీ ఎనలైజర్ రీడింగులు కూడా ఒకదానితో ఒకటి పొసుగుతున్నాయి. ఆక్సిజన్ 9 ఉన్నప్పుడు ఊక పొగలో సీఓ2 11 దగ్గరే ఉండాలి.

ఈ 13 టన్నులూ పట్టేయాలనే ఆలోచన ఉంటే వదిలేయండి. పెద్ద ప్లాంట్లు వాడేది అమైన్ ద్రావణం. 40-50 డిగ్రీల దగ్గర సీఓ2ను పీల్చుకుంటుంది, 110-120 డిగ్రీలకు కాస్తే వదిలేస్తుంది. ఆ కాచడానికి టన్ను సీఓ2కి 4 గిగాజౌళ్ల దాకా వేడి పడుతుంది, అంటే 1.9 టన్నుల ఆవిరి. మీ గంటకు 810 కిలోలు పట్టాలంటే గంటకు 1.5 టన్నుల ఆవిరి దానికే పోవాలి. బాయిలర్ ఇచ్చేదే 2 టన్నులు. ఇక వడ్లు ఉడకబెట్టడానికి మిగిలేదేముంది? పైగా పొగలో ఉన్న 9 శాతం ఆక్సిజన్ అమైన్‌ను మెల్లగా తినేస్తుంది. ఊక బూడిదలో 85 శాతం పైన సిలికానే. తేలికగా ఎగిరి, పొగా ద్రావణమూ కలిసే టవర్‌లో నింపిన ప్యాకింగ్‌లో కూరుకుపోతుంది.

పెద్ద స్థాయిలో ఇది జరగడం లేదని కాదు. తూత్తుకుడిలో సోడా యాష్ ఫ్యాక్టరీ ఒకటి తన బొగ్గు బాయిలర్ పొగ నుంచి ఏడాదికి 60 వేల టన్నుల సీఓ2 పట్టేలా 2016లో ప్లాంటు పెట్టుకుంది. పట్టింది పట్టినట్టు పక్కనే సోడా యాష్ తయారీలోకి పోతుంది. కొనేవాడు గోడ అవతలే ఉండటం అక్కడి కీలకం. మధ్యప్రదేశ్‌లో వింధ్యాచల్ ఎన్టీపీసీ రోజుకు 20 టన్నులు పట్టే ప్లాంటు పెట్టి దాన్ని 10 టన్నుల మిథనాల్ ప్లాంటుకు జోడించింది. మిథనాల్ మాట మీరు ఎత్తలేదు గానీ ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి చెబుతున్నా: టన్ను మిథనాల్‌కు 1.375 టన్నుల సీఓ2తో పాటు 188 కిలోల హైడ్రోజన్ కావాలి. నీటిని విడగొట్టి ఆ హైడ్రోజన్ తీయడానికే 10 వేల యూనిట్ల కరెంటు. మీ 13 టన్నులకు రోజుకు 95 వేల యూనిట్లు. అది మిల్లు స్థాయి పని కాదు.

ఇక గుల్ల సున్నం. 56 కిలోల సున్నం 44 కిలోల సీఓ2ను పట్టి 100 కిలోల కార్బొనేట్ అవుతుంది. వినడానికి బాగుంటుంది. కానీ ఆ 56 కిలోల సున్నం రావడానికి బట్టీలో 100 కిలోల గుల్ల కాల్చారు, అప్పుడు పోయింది అదే 44 కిలోలు. బట్టీలో వేసిన బొగ్గు పొగ దానికి అదనం. సరుకుగా అమ్ముకోవచ్చు, కాదనను. కానీ "సీఓ2 తగ్గించాం" అని బోర్డు పెట్టుకోవద్దు. సున్నం లెక్క నిజంగా కలిసొచ్చేది వెల్డింగ్ గ్యాస్ తయారుచేసే యూనిట్లలో మిగిలే కార్బైడ్ సున్నం దొరికినప్పుడే. 64 కిలోల కార్బైడ్‌కు 74 కిలోల తడి సున్నం వస్తుంది, చాలా చోట్ల గుంటల్లో పారబోస్తుంటారు. దానికోసం కొత్తగా బట్టీ వెలిగించక్కర్లేదు. రంగు మాత్రం బూడిద రంగే, పెయింట్ల వాళ్లు తీసుకోరు. బ్లాకులకు, నేల సరిచేయడానికి పనికొస్తుంది.

నా అభిప్రాయం: బైకార్బ్ చిన్నగా చేయండి. పొగలోని సీఓ2లో వందో వంతు కూడా వాడలేరు, అయినా సరుకు చేతికొస్తుంది, ఆవిరి ఖర్చు లేదు. ధర లెక్క సులువు. 106 కిలోల సోడా యాష్‌కు 168 కిలోల బైకార్బ్, అంటే కిలోకు 1.58 కిలోలు. బైకార్బ్ ధర సోడా యాష్ ధరలో 63 శాతం దాటితే ముడిసరుకు వరకు మిగులు ఉన్నట్టు. కరెంటు, కూలి, సంచులు, నష్టం కలిపితే 85 శాతమైనా ఉండాలి. రెండింటి ధరా ఒకే రోజు, ఒకే ఊళ్లో అడిగి చూసుకోండి. కార్బన్ లెక్కలో మాత్రం దీన్ని గొప్పగా చూడకండి. సోడా యాష్ తయారీకే టన్నుకు సుమారు టన్ను సీఓ2 బయటికి పోతుంది.

బైకార్బ్_టవర్:
పైన చెప్పిన లెక్క సరైనదే. నేను పని చేసే తీరు రాస్తాను. ఒక బ్యాచ్‌కు 800 లీటర్ల నీళ్లు, 200 కిలోల సోడా యాష్ అనుకోండి.

పొగ ఎక్కడ తీయాలి: ఐడీ ఫ్యాన్ (బాయిలర్ పొగను లాగి చిమ్నీకి పంపే ఫ్యాన్) దాటాక, చిమ్నీకి ముందు. ఫ్యాన్‌కు ముందు తీస్తే కొలిమిలో డ్రాఫ్ట్ (గాలి లాగుడు) కదులుతుంది. మీకు కావాల్సింది గంటకు 170 ఘనపు మీటర్లే, మొత్తంలో 5 శాతం లోపు. బాయిలర్‌కు తేడా తెలియదు.

బూడిద: సైక్లోన్ ఒక్కటీ చాలదు. ఈ 5 శాతానికే చిన్న బ్యాగ్ ఫిల్టర్ పెట్టండి. 140 డిగ్రీలకు మామూలు పాలిస్టర్ బ్యాగు ఆగదు, అది 130 దగ్గరే గట్టిపడి చిట్లుతుంది. ఎక్కువ వేడికి తట్టుకునే బ్యాగు అడగాలి. నిప్పురవ్వ వచ్చి బ్యాగుకు చిల్లు పడకుండా ముందు ఒక చిన్న డ్రాప్ బాక్స్ కట్టండి. బ్యాగు మానేసి వట్టి నీళ్ల స్క్రబ్బరే పెడితే మసి నీళ్లలో తడవక తేలుతూ దాటిపోతుంది, బైకార్బ్ బూడిద రంగులో దిగుతుంది.

చల్లార్చడం: 140 నుంచి 45కి రావాలి. నీళ్లు చల్లినంత మాత్రాన 60 దగ్గరికి వచ్చి ఆగిపోతుంది, ఎందుకంటే అక్కడ పొగ ఆవిరితో నిండిపోతుంది. ఇంకా దిగాలంటే స్క్రబ్బర్ నీటిని చిన్న కూలింగ్ టవర్‌లో తిప్పాలి. దిగేటప్పుడు పొగలోని తేమ కారుతుంది కాబట్టి తొట్టి నీళ్లు తగ్గవు, పెరుగుతాయి. ఓవర్‌ఫ్లో పెట్టండి. ఈ నీళ్లకు కాస్త పులుపు గుణం ఉంటుంది. ఫైబర్ లేదా 304 స్టీలు వాడండి, మామూలు ఇనుము ఆరు నెలల్లో పొక్కులు పొక్కులుగా పోతుంది.

బ్లోయర్: ట్యాంకులో 2 మీటర్ల ద్రావణం, సాంద్రత 1.2. అంటే 2.4 మీటర్ల నీటి బరువును తోయాలి. రొయ్యల చెరువుల దగ్గర వాడే రూట్స్ బ్లోయర్ లాంటిదే, 300 మిల్లీబార్ ఇచ్చేది, 5 హెచ్‌పీ మోటారు సరిపోతుంది. లోపలికి తడి పొగ పోకుండా ముందు నీటిబొట్లు పట్టే జాలీ ఉండాలి.

ట్యాంకు: హెచ్‌డీపీఈ లేదా ఫైబర్. అల్యూమినియం, జీఐ, ఇత్తడి ఒక్క వాల్వు కూడా ఉండకూడదు, కార్బొనేట్ తినేస్తుంది. గాలి వదిలే గొట్టానికి చెరువుల్లో వాడే సన్న రంధ్రాల డిఫ్యూజర్ పెట్టొద్దు. బైకార్బ్ పలుకు మొట్టమొదట పుట్టేదే ఆ రంధ్రం మూతి దగ్గర. రెండు గంటల్లో మూసుకుపోయి బ్లోయర్ సేఫ్టీ వాల్వు కొడుతుంది. 5 మిల్లీమీటర్ల రంధ్రాలు, నేల వైపు చూసేలా వేయండి. గొట్టం బయటికి లాగి కడిగేలా యూనియన్ పెట్టండి. బుడగ పెద్దదైతే పీల్చుడు తగ్గుతుంది, నిజమే. దానికి బదులు పంపు పెట్టి ద్రావణాన్ని పైనుంచి ఎజెక్టర్‌లో (ధార వేగంతో పొగను లాగి కలిపే మూతిలో) తిప్పితే ఫలితం బాగుంటుంది, మూసుకుపోవడమూ తక్కువ.

కలపడం: నీళ్లు 35-40 డిగ్రీలకు తెచ్చి, కలియబెడుతూ పొడి కొద్దికొద్దిగా పోయాలి. పొడి మీద నీళ్లు పోస్తే రాయిలా గడ్డ కడుతుంది. 100 లీటర్లకు 25 కిలోలు మీకు 30 డిగ్రీల పైన ఇబ్బంది లేకుండా కరుగుతుంది. 20 డిగ్రీలకు కరిగేది 21.5 కిలోలే. డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఆపేసిన ట్యాంకులో, పంపు లైనులో అద్దంలాంటి పెద్ద పలుకులు పడి బిగుసుకుపోతాయి. చలికాలం రాత్రి ఆపేటట్టయితే లైన్లు ఖాళీ చేయండి.

నడిపేటప్పుడు వేడి 40-45 మధ్య ఉంచండి. ఈ చర్య తనంతట తాను వేడి పుట్టిస్తుంది, పొగ వేడి దానికి తోడు. 55 దాటితే పట్టిన సీఓ2 మళ్లీ వదలడం మొదలవుతుంది. 200 కిలోల సోడా యాష్‌కు సీఓ2 83 కిలోలు కావాలి. పోయిన పొగలో మూడో వంతు సీఓ2 పీల్చుకుంటే 8-9 గంటలు. మొదట వేగంగా పోతుంది, పీహెచ్ 9.5 దిగాక నత్తనడక. ఆ దశలో బ్లోయర్ పెంచి లాభం లేదు, చర్యే నెమ్మది. వదిలేసి రెండో ట్యాంకు మొదలుపెట్టండి. అందుకే రెండు ట్యాంకులు వరసగా పెట్టి, సగం అయిన దానికి కొత్త పొగ, దాన్నుంచి వచ్చిన పొగ కొత్త ద్రావణానికి ఇవ్వడం మంచిది. రెండు ట్యాంకుల లోతూ తోయాలి కాబట్టి అప్పుడు బ్లోయర్ 600 మిల్లీబార్ ఇచ్చేది కావాలి.

చేతికొచ్చేది: పూర్తిగా మారితే 317 కిలోల బైకార్బ్. అందులో 80-100 కిలోలు నీళ్లలోనే కరిగి ఉంటుంది. చల్లార్చి వడకడితే 220-240 కిలోల పలుకు. వడకట్టిన నీళ్లు పారబోయకండి, తర్వాతి బ్యాచ్‌కు అవే. పది సార్లకు ఒకసారి పదో వంతు తీసేయండి, లేకపోతే ఉప్పు, పొటాష్ పేరుకుంటాయి.

ఆరబెట్టడం 60 డిగ్రీల లోపు. మీ మిల్లు డ్రయ్యర్ గాలి పక్కనే ఉందని తిప్పేయకండి, 100 దాటితే బైకార్బ్ తిరిగి సోడా యాష్ అయిపోతుంది, పట్టిన సీఓ2 అంతా పోతుంది.

కోవూరు_మిల్లు:
చాలా వివరంగా రాశారండీ, ధన్యవాదాలు. రెండు సందేహాలు. ఎంత శాతం మారిందో తెలుసుకోవడానికి పీహెచ్ మీటర్ చాలదా? ఇంకోటి, అసలు బైకార్బ్ దాకా పోకుండా చల్లార్చిన పొగనే చెరువుల్లోకి వదిలితే? సాయంత్రం పీహెచ్ 9 దాటే చెరువులకు పనికొస్తుందని ఒకరు అన్నారు.

బైకార్బ్_టవర్:
పీహెచ్ మీటర్ దారి తప్పిస్తుంది. ఇంత చిక్కటి ద్రావణంలో, 45 డిగ్రీల వేడిలో రీడింగ్ నమ్మలేం. ఎలక్ట్రోడ్ మూతికి పలుకులు పడతాయి. టైట్రేషన్ చేయండి. పలుకులతో సహా 5 మిల్లీలీటర్లు తీసి, 100 మిల్లీలీటర్ల చల్లటి డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించి, రెండు చుక్కలు ఫినాఫ్తలీన్ వేయండి. గులాబీ రంగు వస్తుంది. 1 నార్మల్ యాసిడ్‌ను మెల్లగా చుక్కచుక్కగా పోసి గులాబీ పోయిన చోట రీడింగ్ రాసుకోండి, అది పి. మిథైల్ ఆరెంజ్ వేసి నారింజ రంగు వచ్చేదాకా పోయండి, మొదటి నుంచి మొత్తం రీడింగ్ ఎమ్. ఎమ్ లోంచి రెండు పి లు తీసేసి ఎమ్‌తో భాగిస్తే మారిన వంతు. పి 2, ఎమ్ 20 వస్తే 80 శాతం. యాసిడ్ గబగబా పోస్తే అక్కడికక్కడ సీఓ2 పొంగిపోయి లెక్క తప్పుతుంది.

చెరువుగట్టు:
పొగను చెరువులోకి వదిలే మాట వద్దన్నా. సీఓ2 పోతే పీహెచ్ దిగుతుంది, వాస్తవమే. కానీ ఆల్కలినిటీ (పీహెచ్ ఊగకుండా ఆపే క్షార నిల్వ) ఒక్క పాయింటు కూడా పెరగదు. సీఓ2 నీళ్లలో కలిస్తే ఆల్కలినిటీ మారదు, బైకార్బ్ కలిస్తేనే పెరుగుతుంది. వనామీ రొయ్యకు 120 పీపీఎం పైన ఉండాలని రైతు అడిగేది ఆల్కలినిటీ. పీహెచ్ సాయంత్రం 9 ఎక్కేది పాచి ఎక్కువైనందుకు. ఆ పాచే తెల్లారుజామున ఆక్సిజన్ తీసుకుని సీఓ2 వదుల్తుంది. సాయంత్రం మనం పోసిన సీఓ2 కూడా అప్పటికి తోడైతే, ఆక్సిజన్ 3 పీపీఎంకి దిగిన నీళ్లలో రొయ్య గట్టుకు చేరుద్ది. పొగలో మసి, కార్బన్ మోనాక్సైడ్ సంగతి వేరే.

బైకార్బ్ అయితే కొంటారు. ఎకరం చెరువు, 1.2 మీటర్ల నీళ్లు ఉంటే 10 పీపీఎం పెంచడానికి 82 కిలోలు కావాలి. 40 పీపీఎం పెంచాలంటే నాలుగు రోజులకు పంచి వేస్తారు. అంటే మీ ఒక బ్యాచ్ ఎకరా చెరువు నాలుగు రోజులకు కూడా చాలదు. అమ్ముడుపోదనే భయం అక్కర్లేదు.

భయపడాల్సింది సరుకు గురించి. బైకార్బ్ అని ఇచ్చిన సంచిలో 30 శాతం మారని సోడా యాష్ ఉందనుకోండి, నీళ్లలో పడిన చోట పీహెచ్ ఎగురుద్ది. 28 డిగ్రీల నీళ్లలో పీహెచ్ 8 ఉన్నప్పుడు మొత్తం అమ్మోనియాలో విషం 6-7 శాతమే. 9 అయితే 40 శాతం. 80 రోజుల పంటలో అడుగున అమ్మోనియా ఉండనే ఉంటుంది. ఒక్క సంచి తేడాతో రైతు పంట పోతుంది. 95 శాతం లోపు వచ్చిన బ్యాచ్‌ను చెరువులకు ఇవ్వొద్దు, తిరిగి ట్యాంకులో పోసెయ్యండి. ఆక్వా మందుగా సంచి మీద పేరేసి అమ్మాలంటే దానికి అనుమతులు కావాలి, మిల్లుకున్న పొల్యూషన్ బోర్డు అనుమతిలో కూడా కొత్త సరుకు చేర్పించుకోవాలి. ఇది ముందే చూసుకోండి.

నీటిపాచి:
స్పైరులినా గురించి. కిలో ఎండు పాచికి 1.8 కిలోల సీఓ2 పడుతుంది. ఆరుబయట చదరపు మీటరుకు రోజుకు 8 గ్రాములు వస్తే బాగా వచ్చినట్టు. ఎకరానికి 32 కిలోలు, 58 కిలోల సీఓ2. మీ 2 ఎకరాలూ తొట్లే కట్టినా 13 టన్నుల్లో వాడేది 116 కిలోలు. అంతా వాడాలంటే 220 ఎకరాల నీళ్లు కావాలి, రోజుకు 7 టన్నుల పాచిని కొనేవాడు కావాలి.

అంతకంటే పెద్ద అడ్డంకి పొగ. స్పైరులినా నీళ్లలోని లోహాలను తనలోకి లాక్కుంటుంది. ఊక పొగలో లోహాలు తక్కువే, కానీ మసితో పాటు వచ్చే తారు పదార్థాలు తినే సరుకులో ఉండకూడదు. ఊక పొగతో పెంచి మనుషులు తినే పొడిగా అమ్మడం సరికాదు. చేపల మేతకు, రంగు తీయడానికి అయితే వేరే సంగతి, ఆ ధరకు 2 ఎకరాల తొట్లు గిట్టవు.

స్పైరులినా చేయాలనే కోరిక గట్టిగా ఉంటే పొగతో ముడిపెట్టకుండా చేయండి. 20 సెంటీమీటర్ల లోతు, పీహెచ్ 9.5-10.5, వేడి 30-37. మామూలు మీడియంలో (పాచి పెంచే పోషక ద్రావణంలో) లీటరుకు 16.8 గ్రాముల బైకార్బ్. ఎకరం తొట్టికి మొదటిసారి నింపడానికే 13.6 టన్నులు, ఈ అంకె చూసి చాలామంది సగానికి తగ్గిస్తారు, 8 గ్రాములతో కూడా పెరుగుతుంది. తర్వాత పీహెచ్ 10.2కి చేరితే సీఓ2 తెరుచుకుని 9.8కి మూసుకునే సోలినాయిడ్ వాల్వు, తినే సరుకులకు పనికొచ్చే సిలిండర్ గ్యాస్. 20 సెంటీమీటర్ల నీళ్లలో బుడగ పైకి వచ్చేస్తుంది, కాబట్టి మీటరున్నర లోతు గుంట ఒకటి కట్టి నీళ్లు పైనుంచి కిందికి, గ్యాస్ కింది నుంచి పైకి వచ్చేలా చేయాలి.

మన తీరం వైపు బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. పీహెచ్ 10లో అవి తెల్లగా విరిగిపోతూ వేసిన ఫాస్ఫేట్‌ను కూడా తీసుకుపోతాయి. పాచి పసుపు తిరిగితే నైట్రేట్ తగ్గిందని ఇంకా పోస్తుంటారు, లోపం ఫాస్ఫేట్‌ది అయి ఉంటుంది. నీళ్లను వేరే తొట్లో సోడాతో విరగ్గొట్టి, తేరాక పైనీళ్లు మాత్రం తీసుకోవాలి. మే నెలలో షేడ్ నెట్ లేకపోతే నీళ్లు 40 దాటి పాచి తెల్లబడి పోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వచ్చే వానలకు పైకప్పు లేని తొట్టి మీడియం అంతా పల్చబడుతుంది. నెల్లూరులో ఈ రెండు కాలాలూ తీసేసి లెక్క వేసుకోండి.

బ్లాకుయార్డు:
సీఓ2 తిరిగి గాల్లోకి పోకుండా నిలిచే దారి ఒకటి ఎవరూ చెప్పలేదు. సిమెంటు పేవర్లు, సాలిడ్ బ్లాకులు ఆరే గదిలో సీఓ2 ఇవ్వడం. సిమెంటు బరువులో 5 నుంచి 10 శాతం పీల్చుకుని లోపలే సున్నపురాయిగా మారుతుంది. ఘనపు మీటరుకు 350 కిలోల సిమెంటు పడే పేవర్లు రోజుకు 10 ఘనపు మీటర్లు పోసే యార్డు 175-350 కిలోలు పట్టగలదు. బైకార్బ్ బ్యాచ్ కంటే ఎక్కువ, పైగా శాశ్వతం. సిమెంటు తయారీలో పోయినదానిలో ఇది చిన్న వంతేనని కూడా తెలిసి చేయాలి.

జరిగే తప్పు ఒకటే: తడి బ్లాకులు నేరుగా గదిలో పెట్టడం. రంధ్రాల్లో నీళ్లు నిండి ఉంటే గ్యాస్ లోపలికి పోదు, పైన పెంకు కట్టి ఆగిపోతుంది. ముందు ఫ్యాను గాలిలో కొన్ని గంటలు ఉంచి కొంత నీరు పోనివ్వాలి, గదిలో తేమ 50-70 శాతం ఉండాలి. మరీ ఎండితే కూడా చర్య జరగదు, దానికి నీళ్లు కావాలి. 11 శాతం పొగతో చేయొచ్చు, సమయం ఎక్కువ పడుతుంది. ఎంత లోపలికి పోయిందో చూడటానికి బ్లాకు పగలగొట్టి విరిగిన ముఖం మీద ఫినాఫ్తలీన్ చల్లండి. సీఓ2 పోయిన అంచు రంగు మారదు, లోపల పోనిచోట ముదురు గులాబీ వస్తుంది. చుట్టూ తెల్లటి పట్టీ వెడల్పు స్కేలుతో కొలవచ్చు.

రెండు హెచ్చరికలు. ఇనుప చువ్వ ఉన్న ఏ సరుకుకూ ఇది చేయకండి. సీఓ2 పోయిన సిమెంటులో క్షారం తగ్గి చువ్వ తుప్పు పడుతుంది. ఇంకోటి, కృష్ణపట్నం వైపు థర్మల్ ప్లాంట్ల నుంచి వచ్చే ఫ్లై యాష్‌తో (బొగ్గు బూడిదతో), సున్నం కలిపి చేసే ఇటుకలకు కూడా వద్దు. అక్కడ సున్నం యాష్‌లోని సిలికాతో కలిస్తేనే ఇటుకకు బలం. సీఓ2 ముందొచ్చి ఆ సున్నాన్ని తీసేసుకుంటే ఇటుక గోరుతో గీస్తే రాలుతుంది.

సందర్భం వచ్చింది కాబట్టి, చీమకుర్తిలో గ్రానైట్ కోస్తే మిగిలే స్లర్రీ పొడితో సీఓ2 పట్టొచ్చా అని తరచూ అడుగుతున్నారు. అక్కడి బ్లాక్ గెలాక్సీ రాయిని గ్రానైట్ అంటాం గానీ అది గాబ్రో జాతి రాయి, కాల్షియం, మెగ్నీషియం ఉన్నాయి, సూత్రప్రాయంగా పడుతుంది. కానీ అవి సిలికేట్ రూపంలో బిగిసి ఉన్నాయి. మామూలు వేడిలో, ఒక షిఫ్టులో, ట్యాంకులో పోసి సరుకు తీయగల వేగం దానికి లేదు.

ఒంగోలు_కెమికల్:
బ్లాకుల మాటతో ఏకీభవిస్తాను. ఇంకో దారి కూడా చూడండి. ఊక పొగలో 11 శాతం సీఓ2ను వెతుక్కునే బదులు, ఇథనాల్ డిస్టిలరీ ఫర్మెంటర్ పైనుంచి 98 శాతం పైన స్వచ్ఛతతో ఊరికే పోయేది ఉంటుంది. లీటరు ఇథనాల్‌కు 0.75 కిలోలు. రోజుకు లక్ష లీటర్ల ప్లాంటులో 75 టన్నులు. నురుగు పట్టే డబ్బా, నీళ్ల స్క్రబ్బర్, 16-18 బార్ కంప్రెసర్, యాక్టివేటెడ్ కార్బన్, డ్రయ్యర్, ఆ తర్వాత అమ్మోనియా చిల్లర్‌తో మైనస్ 25 డిగ్రీల దగ్గర ద్రవం. అమైన్ లేదు, కాచే పని లేదు. బయోగ్యాస్‌ను శుద్ధి చేసి సీబీజీ (ఒత్తిడితో నింపిన బయోగ్యాస్) నింపే చోట కూడా 35-40 శాతం సీఓ2 వేరుపడి గాల్లోకి పోతుంది. బ్లాకుల గదికి, స్పైరులినాకు గ్యాస్ కావాలంటే ముందు అలాంటి ప్లాంటు వాళ్లతో మాట్లాడటం నయం.

మీ ఊకలోని కార్బన్‌ను నిలపడమే ముఖ్యమైతే, మిగులు ఊకను గాలి తక్కువగా ఇచ్చి బొగ్గుపొడిగా మార్చి పొలంలో కలపడం ఈ గొట్టాలన్నిటికంటే తేలిక.

ఒక్క విషయం ఖచ్చితంగా పాటించండి. సీఓ2 గాలికంటే ఒకటిన్నర రెట్లు బరువు. ట్యాంకులు గుంటలో పెట్టకండి, వడ్లు నానబెట్టే తొట్ల పక్కన అసలే వద్దు. ఆక్సిజన్ మీటర్ ఒక్కటీ పెట్టుకుంటే సరిపోదు. శుద్ధమైన సీఓ2 కలిసి గాలిలో 5 శాతం అయినా ఆక్సిజన్ 20 దగ్గరే చూపిస్తుంది, అలారం మోగదు. మనిషికి 4 శాతమే ప్రాణాపాయం. దీపం పెట్టి చూసే పద్ధతి కూడా నమ్మొద్దు, అంత సీఓ2లో దీపం వెలుగుతూనే ఉంటుంది. సీఓ2 మీటరు మోకాలి ఎత్తులో, కార్బన్ మోనాక్సైడ్ మీటరు మనిషి ముక్కు ఎత్తులో, రెండూ బిగించండి. ట్యాంకు పైనుంచి వచ్చే మిగతా పొగను తప్పనిసరిగా గొట్టంతో తిరిగి చిమ్నీలోకి పంపండి, షెడ్డులో వదలొద్దు.

కోవూరు_మిల్లు:
స్పైరులినా, సున్నం రెండూ పక్కన పెట్టేశాను. బైకార్బ్‌కు పెద్ద ట్యాంకు ఆర్డర్ ఇచ్చే ముందు చిన్నగా చేసి చూసే వీలుందా? ఏ రీడింగులు రాసుకోవాలి?

బైకార్బ్_టవర్:
ఉంది. 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము. 120 లీటర్ల నీళ్లు, 30 కిలోల సోడా యాష్. డ్రమ్ములో లోతు మీటరు లోపే కాబట్టి 1 హెచ్‌పీ రింగ్ బ్లోయర్ చాలు. బ్యాగ్ ఫిల్టర్ బదులు ఈ ఒక్క ట్రయల్‌కు గుడ్డ సంచి, నీళ్ల డ్రమ్ము రెండు వరసగా పెట్టండి. సంచిని నీళ్ల డ్రమ్ము తర్వాత, పొగ చల్లారాక పెట్టాలి, ముందు పెడితే కాలుతుంది. ఆరుబయటే చేయండి.

గంటకోసారి నాలుగు అంకెలు రాయండి: ద్రావణం వేడి, పి, ఎమ్, డ్రమ్ములోంచి బయటికి వచ్చే పొగలో సీఓ2 శాతం. లోపలికి 11 పోతూ బయట 8 వస్తుంటే పీల్చుడు పావు వంతు పైన ఉన్నట్టు. మొదటి గంటల్లోనే బయట 10.5 వస్తుంటే బుడగ పెద్దదై ఉంది, లేదా వేడి పెరిగింది. పూర్తిగా మారితే 47 కిలోలు, అందులో పలుకుగా దిగేది 35. మొదటిసారి 25 వస్తే ఆ పద్ధతి పని చేస్తున్నట్టే. ఆ పలుకును గుప్పెడు తీసి చల్లటి నీళ్లలో కరిగించి ఫినాఫ్తలీన్ వేయండి. లేత గులాబీ ఉండీ లేనట్టు ఉంటే సరే. ముదురుగా వస్తే పలుకును చల్లటి నీళ్లతో ఒకసారి కడిగి మళ్లీ చూడండి. కడిగాక రంగు పోతే తప్పు వడకట్టడంలో ఉంది, పోకపోతే ఇంకా రెండు గంటల పొగ తక్కువైంది.